పదో పిన్ పడగొట్టే పట్టుదల: మహిళల టెన్‌పిన్ బౌలింగ్ టోర్నమెంట్‌కు సిద్ధమయ్యే తీరు

బౌలింగ్ ఆడతానని చెబితే మా అనంతపురం చుట్టాలు ఇప్పటికీ క్రికెట్ అనే అనుకుంటారు. నేను చెప్పేది టెన్‌పిన్ బౌలింగ్ గురించి. నున్నటి చెక్క లేన్ మీద బరువైన బాల్ దొర్లించి, 60 అడుగుల అవతల త్రిభుజంలా నిలబెట్టిన పది పిన్‌లను పడగొట్టే ఆట ఇది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన అమ్మాయిల్లో చాలామంది ఆఫీసు అవుటింగ్‌లో ఒక్కసారైనా ఆడే ఉంటారు. నేనూ మారతహళ్లిలో ఉండే రోజుల్లో అలాగే మొదలుపెట్టాను. రెండు గేమ్‌లు ఆడి ఫోటో దిగి వచ్చేసే వాళ్లలో కొందరికి చెయ్యి చాలా బాగుంటుంది. వాళ్లకు తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు. మహిళల విభాగంలో ఎప్పుడు చూసినా పేర్లు తక్కువే. ఆ జాబితాలో ఇంకో నాలుగు తెలుగు పేర్లు కనిపించాలన్న కోరికతోనే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్క అర్థం చేసుకోండి

ఒక గేమ్‌లో పది ఫ్రేమ్‌లు. ఒక్కో ఫ్రేమ్‌లో రెండు బాల్స్, చివరి ఫ్రేమ్‌లో స్ట్రైకో స్పేరో పడితే మూడు. మొదటి బాల్‌కే పదీ పడితే స్ట్రైక్, రెండో బాల్‌తో మిగిలినవి పడితే స్పేర్, రెండిటితోనూ పూర్తి కాకపోతే ఓపెన్ ఫ్రేమ్. స్ట్రైక్‌కు తర్వాతి రెండు బాల్స్ పిన్‌లు, స్పేర్‌కు తర్వాతి ఒక్క బాల్ పిన్‌లు కలుస్తాయి. పన్నెండు స్ట్రైక్‌లు వరసగా పడితే 300. ఇదంతా తెరమీద కంప్యూటరే వేస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. పోటీకి వెళ్లాలంటే మాత్రం ఈ లెక్క మీ వేళ్ల చివర ఉండాలి.

ఎందుకో చెబుతాను. ఒక్క స్ట్రైక్ కూడా లేకుండా, ప్రతి ఫ్రేమ్‌లో మొదటి బాల్‌కు తొమ్మిది, రెండో బాల్‌కు మిగిలిన ఒకటి పడగొట్టారనుకోండి. చివరి బాల్‌కూ తొమ్మిది పడితే మీ స్కోరు 190. అదే తొమ్మిదేసి పడగొట్టి, మిగిలిన ఆ ఒక్క పిన్‌ను ప్రతిసారీ వదిలేస్తే 90. పైకి తేడా ఫ్రేమ్‌కు ఒక్క పిన్, స్కోరులో తేడా వంద! పోటీల్లో మొదటి రౌండ్‌ను చాలాచోట్ల ఆరు గేమ్‌ల బ్లాక్‌గా ఆడిస్తారు. గేమ్‌కు రెండు స్పేర్‌లు ఎక్కువ తీసినా ఆరు గేమ్‌లకు 120 పిన్‌లు వస్తాయి. కట్ (తర్వాతి రౌండ్‌కు వెళ్లే హద్దు) దాటడానికీ ఇంటికి వెళ్లడానికీ మధ్య ఉండే దూరం తరచూ అంతకన్నా తక్కువే. నా మాట నమ్మండి, టోర్నమెంట్‌కు అర్హత అంటే స్పేర్‌లు తీయడమే.

కొన్ని అంతర్జాతీయ పోటీల్లో ఇంకో లెక్క వాడతారు. అందులో స్ట్రైక్‌కు నేరుగా 30, స్పేర్‌కు 10 తోపాటు ఆ ఫ్రేమ్‌లో మొదటి బాల్‌కు పడినన్ని, ఓపెన్ అయితే పడినన్నే. ఎంట్రీ ఫారం నింపే ముందు ఏ పద్ధతిలో ఆడిస్తున్నారో చూసుకోండి.

ఏ పోటీ, ఎవరి తరఫున

మన దేశంలో మహిళలకంటూ ప్రొఫెషనల్ టూర్ లేదు. ఆ పేరుకు తగినది అమెరికాలో ఉంది. ప్రొఫెషనల్ విమెన్స్ బౌలింగ్ అసోసియేషన్ 1960లో మొదలై, 2003లో ఆగిపోయి, 2015లో మళ్లీ ప్రాణం పోసుకుంది. సింగపూర్, మలేషియా అమ్మాయిలు అక్కడికి వెళ్లి టైటిళ్లు గెలిచారు. మన ఆసియాకు ఈ ఆట కొత్త కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బౌలింగ్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు మహిళల్లో గెలిచింది ఫిలిప్పీన్స్‌కు చెందిన ఆరియాన్ సెర్డెన్యా. ఇక 2010లో లాస్ వేగస్‌లో కెల్లీ క్యూలిక్, మగవాళ్లతో పోటీపడి, టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్ ఫైనల్లో క్రిస్ బార్న్స్‌ను 265-195తో ఓడించింది. మగవాళ్ల టూర్‌లో టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమే. బల్లెం విసరడంలా, గుండు విసరడంలా ఇందులో కండబలమే ముఖ్యం కాదని నేను ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఈ స్కోరే చెబుతాను.

ఇక్కడ మన దారి ఇలా ఉంటుంది. మొదట బౌలింగ్ సెంటర్లు పెట్టే లీగ్‌లు, కార్పొరేట్ పోటీలు. తర్వాత రాష్ట్ర సంఘం జరిపే రాష్ట్ర, ర్యాంకింగ్ పోటీలు. ఆపైన టెన్‌పిన్ బౌలింగ్ ఫెడరేషన్ జరిపే జాతీయ చాంపియన్‌షిప్. వీటితోపాటు నగదు బహుమతులుండే ఓపెన్ టోర్నమెంట్‌లు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లోని అమీబా బౌలింగ్ సెంటర్‌లో రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు రెండూ జరిగాయి. ఎంజీ రోడ్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. ఆడే ముందు ఒక్కసారి ప్రేక్షకురాలిగా వెళ్లి ఒక స్క్వాడ్ (ఒక విడతలో కలిసి ఆడేవాళ్లు) ఆటంతా కూర్చుని చూడండి. సుమతి నల్లబంటు, సబీనా అతికా లాంటి జాతీయ స్థాయి మహిళలు ఆడే పోటీ ఎప్పుడైనా దగ్గర్లో జరిగితే అసలు వదులుకోకండి. బాల్ ఎటు పోతోందో కాకుండా, వాళ్లు రెండో బాల్‌కు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి.

ఉద్యోగం బెంగళూరులో, ఆధార్ అడ్రసు ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్నవాళ్లు ఏ రాష్ట్రం తరఫున నమోదు కావాలో ముందే తేల్చుకోండి. నేను చెప్పేదైతే, వారానికి రెండుసార్లు ఆడే ఊరు ఏదో ఆ రాష్ట్రం తరఫునే. సెలక్షన్ పోటీలు అక్కడే ఉంటాయి, తోటి ఆటగాళ్లూ అక్కడే ఉంటారు.

ఎంట్రీ ఫారంలో స్క్రాచ్ అని ఉంటే పడిన పిన్‌లే లెక్క. హ్యాండిక్యాప్ అని ఉంటే సగటు తక్కువ ఉన్నవాళ్లకు కొన్ని పిన్‌లు కలుపుతారు. ఆడా మగా కలిసి ఆడే ఓపెన్‌లలో మహిళలకు గేమ్‌కు 8 పిన్‌లు కలపడం చాలాచోట్ల ఉంది. వాటిని తీసుకోవడానికి మొహమాటపడకండి, నిబంధనల్లో ఉన్నవే.

సొంత బాల్, సొంత షూ

సగటు 130 దాటి, వారానికి ఒక్కసారైనా ఆడుతున్నారంటే సొంత బాల్ కొనే సమయం వచ్చినట్టే. సెంటర్‌లో దొరికే బాల్స్ ఎవరి చేతికీ సరిపోకుండా, అందరి చేతికీ పట్టేలా తవ్వి ఉంటాయి. రంధ్రాలు వదులుగా ఉండడంతో మనం వేళ్లతో గట్టిగా పిండుతాం. అలా పిండితే బాల్ చేతినుంచి ఆలస్యంగా జారి పక్కకు లాగుతుంది. ముంజేయి నొప్పి కూడా అక్కడే మొదలవుతుంది.

బరువు గురించి ఒక మాట. ఆడపిల్ల అనగానే 8, 9 పౌండ్ల రంగురంగుల బాల్ చేతికిస్తారు. అంత తేలికైన బాల్ పిన్‌లను తాకగానే పక్కకు తప్పుకుంటుంది. ఒక్కో పిన్ కిలోన్నర పైనే ఉంటుంది మరి. అంతర్జాతీయ స్థాయి మహిళలు ఎక్కువగా 14, 15 పౌండ్లతో ఆడతారు. నిబంధనల ప్రకారం గరిష్ఠం 16. మీరు ఇప్పుడు 10తో ఆడుతుంటే ఒక్కసారిగా 14కు దూకొద్దు. మూడు నెలలకు ఒక పౌండ్ చొప్పున పెంచండి. ఆరో గేమ్ చివర్లో కూడా చెయ్యి మొదటి గేమ్‌లో ఊగినట్టే ఊగితే ఆ బరువు మీది. సరిగ్గా తవ్విన 14 పౌండ్ల బాల్ పట్టు కుదరని 11 పౌండ్ల బాల్ కంటే తేలిగ్గా అనిపిస్తుంది. ఈ మాట నేనూ చేతిలోకి తీసుకునేదాకా నమ్మలేదు.

డ్రిల్లింగ్ దగ్గర నేను దెబ్బ తిన్నాను. నా మొదటి బాల్‌ను ఒక షాపులో చెయ్యి సరిగ్గా కొలవకుండానే తవ్వేశారు. బొటనవేలికీ మిగతా రెండు వేళ్లకూ మధ్య దూరాన్ని స్పాన్ అంటారు. అది నాకు ఎక్కువైంది. కొత్త కదా, అలవాటవుతుందనుకున్నాను. నాలుగు నెలలు మణికట్టు నొప్పితో ఆడి, చివరికి ఆ రంధ్రాలు పూడ్పించి మళ్లీ తవ్వించాను. కొత్త బాల్ తీసుకున్నప్పుడు షాపులోనే బొటనవేలు పూర్తిగా దూర్చి, మధ్యవేలు, ఉంగరపు వేలు రంధ్రాల మీదుగా చాచి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం బిగుసుకుపోతుంటే, లేదా అరచేతికీ బాల్‌కూ మధ్య ఎక్కువ ఖాళీ ఉంటే తీసుకోకండి. "అలవాటైపోతుంది మేడం" అన్న మాటకు అసలు ఒప్పుకోవద్దు.

మనవాళ్లు బాల్‌ను హుక్ చేయడానికి, అంటే చివర్లో వంపు తిరిగేలా వేయడానికి, వేళ్ల మొదటి గీత దాకా మాత్రమే దూర్చే ఫింగర్‌టిప్ గ్రిప్ వాడతారు. గోళ్లు పెంచేవాళ్లకు ఇక్కడ కష్టం. మధ్యవేలు, ఉంగరపు వేలు, బొటనవేలు, ఈ మూడిటి గోళ్లయినా కత్తిరించుకోవాలి. ఉంగరం, గాజులు తీసి పెట్టాలి.

మొదలుపెట్టడానికి రెండు బాల్స్ చాలు. ఒకటి ప్లాస్టిక్ బాల్. అది ఆయిల్ ఎలా ఉన్నా దాదాపు నేరుగా పోతుంది. రెండోది హుక్ తిరిగే రియాక్టివ్ బాల్. డబ్బు సరిపోక ఒక్కటే కొనాల్సి వస్తే అందరూ రియాక్టివ్ కొంటారు. నేనైతే ప్లాస్టిక్ ముందు కొనమంటాను. స్పేర్‌లు తీసేది అదే. మూడోది, యురేథేన్, తర్వాత చూసుకోవచ్చు. ఏది కొన్నా పోటీకి ఆమోదం పొందిన బాల్స్ జాబితాలో ఉందో లేదో, దాని మీద సీరియల్ నంబర్ స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. పాత బాల్ ఎవరైనా ఇస్తుంటే రంధ్రాలు లెక్కపెట్టండి. బరువు సర్దడానికి అదనంగా తవ్వే రంధ్రాన్ని అమెరికా బౌలింగ్ సమాఖ్య 2020 ఆగస్టు నుంచి నిషేధించింది.

షూ మాత్రం మొదటి నెలలోనే కొనండి. అద్దె షూలో రెండు కాళ్లూ జారతాయి. కుడిచేతి వాళ్లకు ఎడమ కాలు జారాలి, కుడి కాలు నేలను పట్టుకోవాలి. సొంత షూ వేసుకున్న రోజునుంచే చివరి అడుగు మీద ధైర్యం వస్తుంది. బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు పైన కవర్ తొడగండి. అడుగున ఒక్క నీటి చుక్క అంటినా మరుసటి బాల్‌కు కాలు జారదు, ముందుకు తూలి పడతారు. మోకాళ్లు పాడయ్యేది ఇలాంటప్పుడే.

స్పేర్‌ల సాధన

ఇక్కడ ఎక్కువసేపు ఉందాం. సాధన అంటే ఫ్రెండ్స్‌తో గేమ్‌లు ఆడడం కాదు. వారంలో రెండు పూటలు పెట్టుకోండి. రద్దీ ఉండని మంగళ, బుధవారాల్లో పొద్దున అయితే లేన్ ఖాళీగా దొరుకుతుంది, రేటూ తక్కువ పడుతుంది. ఒక పూట పూర్తిగా స్పేర్‌లకే.

లేన్ అడ్డంగా 39 బోర్డులు, అంటే సన్నటి చెక్క పలకలు. ఒక్కొక్కటి అంగుళం కంటే కాస్త ఎక్కువ వెడల్పు. ఫౌల్ లైన్ (మన కాలు దాటకూడని గీత) దాటాక సుమారు 15 అడుగుల దూరంలో ఏడు బాణం గుర్తులుంటాయి, ఐదేసి బోర్డులకు ఒకటి. పిన్‌ల వైపు చూసి వేయడం మానేసి బాణాల వైపు చూసి వేయడం అలవాటు చేసుకోండి. 15 అడుగుల దూరంలో ఉన్నదాన్ని గురిచూడడం 60 అడుగుల దూరంలో ఉన్నదానికంటే సులువు కదా.

ఇప్పుడు 3-6-9 పద్ధతి. కుడిచేతివాళ్లకు చెబుతున్నాను, ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి. పిన్‌లకు ముందున్న ఒక్కదాన్నుంచి మొదలుపెట్టి, వెనక్కి ఒక్కో వరసలో ఎడమనుంచి కుడికి ఒకటి నుంచి పది దాకా సంఖ్యలుంటాయి. వెనక వరసలో ఎడమ మూలది ఏడు, కుడి మూలది పది. స్ట్రైక్ కోసం మీరు ఒకచోట నిలబడి, ఒక బాణం మీదుగా వేస్తారు. ఎడమవైపు పిన్ మిగిలితే బాణం మార్చొద్దు, కాళ్లు మాత్రం కుడివైపు జరపండి. రెండో పిన్ మిగిలితే 3 బోర్డులు, నాలుగోది మిగిలితే 6, ఏడోది మిగిలితే 9. కుడివైపు పిన్‌లకు మొదట పదో పిన్‌ను ఆధారంగా పెట్టుకోవాలి. ఎడమవైపు బాగా జరిగి నిలబడి, లేన్ మధ్యలోని నాలుగో బాణం మీదుగా ప్లాస్టిక్ బాల్‌ను ఐమూలగా నేరుగా వేయండి. పదో పిన్ వరసగా పడే చోటు దొరికాక, ఆరో పిన్‌కు అక్కణ్నుంచి 3 బోర్డులు కుడికి, మూడో పిన్‌కు 6 బోర్డులు కుడికి జరగాలి. మీ నడకను బట్టి ఒకటి రెండు బోర్డులు అటూ ఇటూ అవుతాయి. మీ సంఖ్యలు మీరే నోట్‌బుక్‌లో రాసుకోండి.

పదో పిన్ దగ్గర చాలామంది ఏడుస్తారు. గటర్ (లేన్ అంచున ఉండే కాలువ) పక్కనే ఉండడంతో భయం వేస్తుంది, భయం వేయగానే భుజం బిగుసుకుంటుంది. నేను మొదలుపెట్టిన ఏడాది, నాకు నేర్పిన సార్ ఒక నెలంతా స్ట్రైక్ బాల్ బ్యాగ్‌లోంచి తీయనివ్వలేదు. "అమ్మా, పది పిన్‌లూ నిలబడి ఉన్నా నీకు పదోది ఒక్కటే కనిపించాలి" అనేవారు. నిండుగా ఉన్న పిన్‌ల మీద మొదటి బాల్‌తో పదో పిన్‌ను, రెండో బాల్‌తో ఏడో పిన్‌ను కొట్టడం. 20 సార్లు వేసి ఎన్నిసార్లు తగిలిందో రాసుకోవడం. నేను 7 దగ్గర మొదలుపెట్టాను. 20లో 15 తగిలినప్పుడు మొదటి పోటీకి పేరు ఇవ్వమన్నారు. ఆ కొలమానం ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. మీరూ దాన్నే పెట్టుకోండి.

రెండో పూట నడక, బాల్ విడుదల మీద పెట్టండి. ఫౌల్ లైన్ దగ్గర ఒక్క అడుగుతో వేయడం, ఆ తర్వాత పూర్తి నడకతో వేయడం. ఫోన్‌ను వెనక, పక్కన రెండు వైపుల పెట్టి వీడియో తీసుకోండి. చూడాల్సినవి మూడే. బాల్ కిందికి ఊగేటప్పుడు చెయ్యి వదులుగా ఉందా, బాల్ వదిలాక శరీరం కదలకుండా నిలబడిందా, తల చివరిదాకా బాణం వైపే ఉందా.

ఇంట్లో కాళ్లకూ నడుముకూ వ్యాయామం తప్పదు. ఆరు గేమ్‌లంటే దాదాపు వందసార్లు ఆరు కిలోల పైచిలుకు బరువు ఎత్తి, వంగి, ఒంటికాలి మీద ఆగడం. గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచడం, ఒక చేతిలో బరువు పట్టుకుని నిటారుగా నడవడం వారానికి మూడు రోజులు చేస్తే చాలు. బరువు రెండు చేతులతోనూ మార్చి మార్చి పట్టుకోండి.

కంటికి కనిపించని ఆయిల్

సరదాగా ఆడేవాళ్లకు తెలియనిదీ, పోటీలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇది. లేన్ మీద యంత్రంతో పలచగా ఆయిల్ పూస్తారు. ఆయిల్ ఉన్నచోట బాల్ జారుతుంది, లేనిచోట నేలను పట్టుకుని తిరుగుతుంది. రోజూ మనం ఆడే హౌస్ ప్యాటర్న్‌లో మధ్యలో ఎక్కువ, అంచుల్లో చాలా తక్కువ పూస్తారు. దాంతో గురి కాస్త బయటికి తప్పినా పొడిగా ఉన్న అంచు బాల్‌ను వెనక్కి తెస్తుంది. లోపలికి తప్పితే ఆయిల్ పట్టి ఉంచుతుంది. మన తప్పులను అది కప్పిపుచ్చుతోందన్నమాట.

పోటీల్లో స్పోర్ట్ ప్యాటర్న్ వేస్తారు. అందులో అంచులకూ మధ్యకూ తేడా తక్కువ. గురి తప్పితే తప్పినట్టే పోతుంది. దానిమీద మొదటిసారి ఆడినప్పుడు నా సగటు గేమ్‌కు 25 పిన్‌లు పడిపోయింది. ఆటే మర్చిపోయానేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీకూ అలాగే అవుతుంది, కంగారు పడకండి. లేన్ మారింది, మీరు మారలేదు.

ప్యాటర్న్ షీట్ చాలా పోటీల్లో ముందే ఇస్తారు. అందులో మొదట చూడాల్సింది పొడవు. దానిలోంచి 31 తీసేయండి. 40 అడుగులైతే 9. అంటే ఆయిల్ అయిపోయే దగ్గర మీ బాల్ కుడి అంచునుంచి సుమారు తొమ్మిదో బోర్డు మీద ఉండాలి. 35 అడుగుల పొట్టి ప్యాటర్న్ అయితే 4, దాదాపు గటర్ పక్కనుంచి ఆడాలి. 44 అయితే 13, లోపలినుంచి. ఇది పక్కా సూత్రం కాదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

ఆ తర్వాత మీ బాల్ చెప్పేది వినండి. బాల్ ఒకటో పిన్‌కూ మూడో పిన్‌కూ మధ్య సందులోకి, పాకెట్‌లోకి, వాలుగా దూరాలి. ఎక్కువ తిరిగి ఒకటో పిన్ ముక్కుమీద కొడుతుంటే కాళ్లు ఎడమకు జరపండి. తిరగక కుడికి జారిపోతుంటే కుడికి. బాల్ ఎటు తప్పితే కాళ్లు అటే జరగాలి. సాధారణంగా కాళ్లు రెండు బోర్డులు, గురి ఒక బోర్డు. వేసిన బాల్ తప్పు మీదో లేన్‌దో తెలియకపోతే జరగొద్దు, ఇంకోసారి వేసి చూడండి.

గేమ్‌లు గడిచేకొద్దీ అందరి బాల్స్‌కూ ఆయిల్ అంటుకుని పోతుంటుంది. ఒకటో గేమ్‌లో పనిచేసిన చోటు మూడో గేమ్‌లో పనిచేయదు. పోటీల్లో జంట లేన్‌ల మీద ఫ్రేమ్‌కు ఒకదానిమీద మార్చి మార్చి ఆడిస్తారు. ఎడమ లేన్, కుడి లేన్ ఒకేలా ఉండవు. రెండిటికీ వేర్వేరు సంఖ్యలు గుర్తు పెట్టుకోండి.

ఎంట్రీ నుంచి స్క్వాడ్ దాకా

చివరి తేదీకి ముందే ఎంట్రీ ఫీజు కట్టి రసీదు దాచుకోండి. డ్రెస్ కోడ్ చదవండి. జీన్స్ సాధారణంగా ఒప్పుకోరు. కాలర్ ఉన్న టీషర్ట్, ప్యాంట్ లేదా స్కర్ట్ ఉంటుంది. వేసుకుని నాలుగుసార్లు వంగి చూసి మరీ తీసుకెళ్లండి, అప్పుడే మనసు ఆట మీద ఉంటుంది.

పోటీ చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అయితే రైలే మేలు. 14 పౌండ్ల బాల్స్ మూడు కలిస్తే 19 కిలోలు. దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చే 15 కిలోలు అక్కడే దాటిపోతాయి. ఊరు మారితే వాతావరణం కూడా మారుతుంది. బెంగళూరు చలికి సన్నగా ఉండే బొటనవేలు చెన్నై ఉక్కకు ఉబ్బుతుంది. నా మొదటి బయటి ఊరి పోటీలో మూడో గేమ్‌కు వేలు రంధ్రంలో ఇరుక్కోవడం మొదలైంది. దగ్గర ఏమీ లేక అలాగే ఆడి చర్మం ఊడగొట్టుకున్నాను. బొటనవేలి రంధ్రంలో అతికించే టేప్ ముక్కలు బ్యాగ్‌లో ఉంచుకుని, ఆట మొదలయ్యే ముందే రెండు మూడు అతికించండి. వేలు ఉబ్బితే ఒకటి పీకేయాలి, సన్నబడితే ఒకటి చేర్చాలి. బ్యాగ్‌లో ఉండాల్సిన మిగతావి: రెండు పొడి టవళ్లు, కత్తెర, చర్మం చిట్లితే వేసే ప్యాచ్, అదనపు సాక్స్, అరటిపండ్లు, నీళ్లు.

నెలసరి తేదీ పోటీమీద పడుతుందేమో ముందే చూసుకోండి. దీన్ని ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ఆ రోజుల్లో నడుము పట్టేసి చివరి అడుగు కుదించుకుపోతుంది. అది తెలిశాక, నెలలో ఒక్కసారైనా అదే రోజుల్లో కావాలనే సాధన చేసి, అప్పటికి సరిపోయే నడక వేగం వెతుక్కున్నాను. నొప్పి మాత్ర వాడాల్సి వస్తే కొత్తది ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. జాతీయ పోటీలకు వెళ్లేవాళ్లు ఏ మందైనా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాతో సరిచూసుకోవాలి.

ఇంట్లో ఒప్పించే పని కూడా సిద్ధపడడంలో భాగమే. "ఆదివారం పొద్దున్నే ఎక్కడికి పోతావమ్మా, అదేం ఆట?" అని మా అత్తయ్య చాలాసార్లు అడిగారు. ఒకసారి ఆమెను వెంట తీసుకెళ్లి నా వెనకే కుర్చీలో కూర్చోబెట్టాను. రెండో గేమ్ అయ్యేసరికి "ఆ మూలది మిగిల్చావేమే?" అన్నారు. ఆ తర్వాత నా ప్రాక్టీసు రోజుల్లో వంట సంగతి ఆమే చూసుకుంటున్నారు.

ఆట రోజు

కనీసం 45 నిమిషాల ముందు చేరండి. పేరు నమోదు, బాల్స్ సీరియల్ నంబర్లు రాయించడం, లేన్ చీటీ తీయడం ఉంటాయి. భుజాలు, తొడలు వదులు చేసుకోండి. తర్వాత పది పదిహేను నిమిషాల ప్రాక్టీసు ఇస్తారు. అందరూ స్ట్రైక్‌లు వెతుకుతూ ఆ సమయం ఖర్చు చేస్తారు. మీరు రెండు లేన్‌ల మీదా స్ట్రైక్ గీత (బాల్ పోవాల్సిన దారి) వెతికాక, చివరి రెండు బాల్స్ తప్పనిసరిగా ఏడో పిన్‌కూ పదో పిన్‌కూ వేయండి.

ఆట మొదలయ్యాక బాల్ పైపూతను గరుకు కాగితంతో రుద్ది మార్చకూడదు. బాల్ మీది ఆయిల్‌ను ప్రతిసారీ పొడి టవల్‌తో తుడవండి. కాలు ఫౌల్ లైన్ తాకితే ఆ బాల్‌కు సున్నా. మొదటి బాల్‌కు అలా జరిగితే పది పిన్‌లూ మళ్లీ నిలబెడతారు. రెండో బాల్‌తో పదీ పడగొడితే అది స్పేర్‌గా లెక్క, కాబట్టి బుర్ర పాడుచేసుకోకుండా నిలబడండి. పక్క లేన్‌లో ఎవరైనా అప్రోచ్ (బాల్ వేయడానికి నడిచే చోటు) ఎక్కి ఉంటే ఆగండి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు వాళ్లు ముందు వేస్తారు. యంత్రం పిన్‌లు తప్పుగా లెక్కపెడితే వెంటనే, తర్వాతి బాల్ వేయకముందే, నిర్వాహకులను పిలవండి. గేమ్ అయ్యాక చెబితే వినరు.

టెన్షన్ అందరికీ ఉంటుంది, ఇరవై ఏళ్లుగా ఆడేవాళ్లకు కూడా. దానికి మందు ప్రతి బాల్‌కూ ఒకే వరస పాటించడం. నాది ఇదీ: టవల్‌తో తుడవడం, బోర్డు చూసి కాళ్లు పెట్టడం, ఒక్క దీర్ఘశ్వాస, బాణం, నడక. స్ట్రైక్ పడ్డా గటర్‌కు పోయినా తర్వాతి బాల్‌కు అదే వరస. మొత్తం స్కోరు బోర్డు వైపు నాలుగో గేమ్ దాకా చూడను. పక్కావిడ 220 వేసిందని మీ గీత మార్చుకోకండి. ఆవిడ బాల్ వేరు, చెయ్యి వేరు.

కట్ దాటితే మ్యాచ్ ప్లే (ఇద్దరిద్దరు ఎదురెదురుగా ఆడడం), ఆపైన స్టెప్‌ల్యాడర్ ఉంటాయి. స్టెప్‌ల్యాడర్‌లో కింది స్థానంవాళ్లు ఒక్కో మెట్టు గెలుచుకుంటూ పైకి రావాలి. అక్కడ మిమ్మల్ని ఎదుటి ఆటగాడి స్కోరు తొందరపెడుతుంది. పదో ఫ్రేమ్‌లో మీకు ఎన్ని కావాలో లెక్క తెలిసి ఉండాలి. స్పేర్ తీస్తే చాలనిపించే చోట స్ట్రైక్ కోసం గీత మార్చి ఓడిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఆ సాయంత్రం

ఇంటికొచ్చి పడుకునే ముందు రెండు పనులు. మొదటిది బాల్స్ శుభ్రం చేయడం. అంటిన ఆయిల్ లోపలికి ఇంకిపోకముందే క్లీనర్‌తో తుడిచేయాలి. కారు డిక్కీలోనో బాల్కనీ ఎండలోనో ఎప్పుడూ వదలకండి, పగుళ్లు వస్తాయి. రెండోది నోట్‌బుక్. ప్రతి గేమ్‌లో ఏ ఫ్రేమ్ ఓపెన్ అయింది, ఏ పిన్ మిగిలింది, అది గురి తప్పా, కాళ్లు తప్పా అని రాయండి. నా మొదటి పోటీ పేజీలో ఆరు గేమ్‌లకు 19 ఓపెన్ ఫ్రేమ్‌లున్నాయి, అందులో పదో పిన్ ఒక్కటే మిగిలి వదిలేసినవి ఎనిమిది. మంగళవారం పొద్దున లేన్ బుక్ చేసి, ప్లాస్టిక్ బాల్ ఒక్కటే పట్టుకుని వెళ్లాను.